ఒక రోమక నాణెము - ఒక సవరణ

మన గ్రంథాలయము వెలసి యిరువదియైదు సంవత్సరములు నిండిన యీ శుభసమయమున వెలువడు రజతోత్సవ సంచికకు ఏదేని చారిత్రక వ్యాసము వ్రాయుమని కార్యదర్శిగారు నన్ను కోరిరి. రజతోత్సవమున రజతమును గూర్చియే వ్రాయుట యుచితమని తోచి, ఒక చిన్న వెండి నాణెమును విషయముగా గైకొంటిని. ఇందుకు మరియొక కారణము గూడ కలదు. పదునైదేండ్ల క్రిందట, ఈ గ్రంథాలయ దశమ వార్షికోత్సవమునకు మనవారు వెలువరించిన వ్రాతపత్రికలో నేను ఈ నాణెమును గూర్చియే ఒక వ్యాసము వ్రాసితిని. ఆగస్టస్ చక్రవర్తి నాణెము మన గ్రామపు దిబ్బలో దొరకినదనియు, అందుచేత రోమక వర్తకులు మన యూరికి వచ్చియుండిరనియు అందు ఘంటాపథముగా చాటితిని. చదివినవారు సంతోషించిరి. బడిపిల్లలు దానిని కంఠస్థము చేసిరి. ఊరికి వచ్చిన అతిథులకు పెద్దలు ఆ మాటయే చెప్పుచు వచ్చిరి.

ఆ వ్యాసమున రెండు తప్పులు కలవు. రెండును నావే. లెక్కలు వ్రాసి బ్రతుకువానికి తప్పు దొరలుట వింతకాదు. దొరలిన తప్పును ఎరిగియు దిద్దకుండుట మాత్రము దోషము. పుస్తకములో తప్పుపద్దు పడినప్పుడు దానిని గీకి చెరుపము. ఎర్ర సిరాతో గీత గీచి, ప్రక్కన సరియైన పద్దు వ్రాసి, చేవ్రాలు చేయుదుము. ఈ వ్యాసము అట్టి ఎర్ర సిరా గీత యని చదువరులు గ్రహింప ప్రార్థన.

నాణెము సంగతి మొదటినుండి చెప్పెదను. అది మన గ్రామములోని ఒక రైతు గృహస్థుని యింట కలదు. వారి తల్లిగారు తాటాకుపెట్టెలోనుండి దానిని తీసి నా చేతికిచ్చుచు, "పిల్లలకు దిష్టి తగలకుండ మెడలో కట్టే బిళ్ల నాయనా, రాణిగారి బొమ్మ" అని చెప్పినది. ఆమె యనిన రాణి విక్టోరియా. చూడగానే అది విక్టోరియా రూపాయి కాదని తెలిసినది. రూపాయి బరువు ఒక తులము. ఇది అందులో మూడవవంతు తూగునంతటిది. అంచు రూపాయి యంచువలె సమముగా లేదు. అడ్డుకొలత 18 మిల్లీమీటర్లు. పైభాగమున ఎవరో కంసాలి వెండితీగ వలయమొకటి అతికినాడు. ఆ అతుకు క్రింద కొన్ని అక్షరములు మరుగుపడినవి. ఆ మరుగే నన్ను తప్పుదారి పట్టించినది.

ప్రాచీన నాణెమును గుర్తించుటకు కొన్ని మెట్లు కలవు. మొదట లోహము, కొలత, బరువు చూడవలెను. తరువాత ముఖభాగమున నున్న బొమ్మను, దాని చుట్టును వ్రాసిన వ్రాతను చూడవలెను. పిదప వెనుకభాగమున నున్న బొమ్మను, వ్రాతను చూడవలెను. చివరకు చిన్న చిన్న గుర్తులు. ఈ లక్షణములన్నియు ఒక కాగితముమీద వ్రాసికొనిన పిమ్మటనే నాణెముల పట్టికా గ్రంథములను తెరువవలెను. చాలమంది మొదట గ్రంథము తెరచి, అందులోని బొమ్మలలో తమ నాణెమును పోలినదానిని వెదకి, అదియే యిది యని నిశ్చయింతురు. నేనును ఆనాడు అట్లే చేసితిని.

నా కాగితములో నేటికిని సరియైన పద్దులివి. లోహము వెండి. వలయముతో కలిపి బరువు 4 గ్రాములకు కొంచెము పైన. వలయము కలిసినందున ఈ బరువు సాక్ష్యమునకు పనికిరాదు. ముఖభాగమున కుడివైపునకు తిరిగియున్న పురుషుని తల, దానిపై ఆకుల దండ, మెడవెనుక వ్రేలాడు దండముడి కొనలు. వెనుకభాగమున కుడివైపునకు తిరిగి కుర్చీపై కూర్చున్న స్త్రీ. ఒక చేత పొడవైన దండము, రెండవచేత చెట్టుకొమ్మ. ఆమెకు ఇరువైపుల 'పాంటిఫ్ మాక్సిమ్' అను అక్షరములు. ఇది 'పాంటిఫెక్స్ మాక్సిమస్' అను బిరుదునకు కుదింపు. రోమక మతమున ప్రధాన పురోహితుడని యర్థము. చక్రవర్తులు ఈ పదవిని తామే వహించెడివారు. ముఖభాగపు వ్రాతలో అతుకునకు వెలుపల స్పష్టముగా కనబడినది 'ఆగస్టస్' అను మాట. రోమకులు 'యు' అక్షరమునకు బదులు 'వి' ఆకారమునే చెక్కుదురు గనుక కొత్తవారికి ఆ మాట చదువుట కొంచెము కష్టము. నేను కూడబలుకుకొని చదివి పొంగిపోతిని.

అప్పుడు నా యొద్దనున్నది రోము చరిత్రను గూర్చిన యొక చిన్న యింగ్లీషు పుస్తకము. అందు ఆగస్టస్ చక్రవర్తి నాణెము పటమొకటి కలదు. వెనుకభాగమున దండమును, కొమ్మను ధరించి కుర్చీపై కూర్చున్న స్త్రీ. 'పాంటిఫ్ మాక్సిమ్' అను వ్రాత. అచ్చముగా మన నాణెమే! ముఖభాగమున ఆగస్టస్ అను పేరు గూడ కలదు. ఇక సందేహమేమి? ఆ రాత్రియే వ్యాసము ముగించితిని.

చాల యేండ్ల తరువాత ఒక కార్యముమీద నగరమునకు పోయినప్పుడు, అచ్చటి పెద్ద గ్రంథాలయమున రోమక నాణెముల పట్టికా గ్రంథములను చూచు భాగ్యము కలిగినది. ఈ గ్రంథముల సంగతి మన చదువరులకు కొంచెము చెప్పవలెను. పూర్వము ఐరోపా ప్రభువులు నాణెములను అలంకారమునకై కూడబెట్టుచుండిరి. వియన్నా నగరమున నుండిన యెకెల్ అను పండితుడు 1792 మొదలు 1798 వరకు లాటిను భాషలో ఎనిమిది సంపుటముల గ్రంథము వెలువరించి, ఈ విద్యను శాస్త్రముగా నిలబెట్టెను. పిమ్మట ఫ్రాన్సు దేశమున హెన్రీ కోహెన్ అను నతడు రోమక చక్రవర్తుల నాణెములన్నిటికి పట్టిక కూర్చెను. అతడు ఒక్కొక్క చక్రవర్తి క్రింద నాణెములను వెనుకభాగపు వ్రాతల అకారాది క్రమమున పేర్చెను. ఇది నిఘంటువువంటిది. వెనుకభాగపు వ్రాత చదువగలిగినవానికి వెదకుట సులభము.

1923లో మాటింగ్లీ, సిడెన్‌హామ్ అను ఆంగ్ల పండితులు 'రోమన్ ఇంపీరియల్ కాయినేజ్' అను గ్రంథమునకు మొదటి సంపుటము వెలువరించిరి. పదియవ సంపుటము 1994లో వెలువడినది. ఇందులో నాణెములు అకారాదిగా లేవు. ఏ టంకసాలలో ఏ కాలమున ముద్రింపబడినవో ఆ క్రమమున నున్నవి. మొదటి సంపుటమును సదర్లాండ్ అను పండితుడు సవరించి 1984లో మరల ప్రకటించెను. సవరణలో పద్దుల సంఖ్యలు మారినవి. కావున సంఖ్య చెప్పునప్పుడు ఏ కూర్పులోనిదో గూడ చెప్పవలెను. ఊరు రీసర్వే జరిగిన తరువాత పాత సర్వే నంబరును మాత్రమే చెప్పినచో పొలము దొరకదుగదా! ఇప్పుడు అమెరికా దేశపు నాణెశాస్త్ర సంఘమువారు ఈ పట్టికను పటములతో సహా యెల్లవారును ఉచితముగా చూచునట్లు కంప్యూటరు ద్వారమున అందించుచున్నారు. నేను మాత్రము గ్రంథమునే చూచితిని. రెండు దినములు కూర్చుండి కావలసిన పుటలను నోటుపుస్తకములోనికి ఎత్తి వ్రాసికొంటిని. ఆ పుస్తకము నేడు మన గ్రంథాలయపు బీరువాలో నున్నది.

ఆ గ్రంథమున చూచిన దేమనగా, కూర్చున్న స్త్రీ బొమ్మయు, 'పాంటిఫ్ మాక్సిమ్' అను వ్రాతయు గల నాణెములను ఒక్క చక్రవర్తి కాదు, ఇద్దరు ముద్రించిరి. ఆగస్టస్ తన జీవితపు చివరి దినములలో, అనగా క్రీ.శ. 13-14 ప్రాంతమున ఈ బొమ్మతో నాణెములను ముద్రించెను. అతని తరువాత సింహాసనమెక్కిన టైబీరియస్ ఆ బొమ్మనే కైకొని, 14 మొదలు 37 వరకు సాగిన తన పాలనలో లెక్కకు మిక్కిలిగా ముద్రించెను. మొదటివి అరుదు, రెండవవి విస్తారము. రెండును ఫ్రాన్సులో నేడు లియాన్ అనబడు నగరమున నుండిన టంకసాలవే యని ఆ పట్టికలోని నిర్ణయము. పోనీ, పేరు చూచి విడదీయుదమా యన్న, 'ఆగస్టస్' అనునది పేరు మాత్రమే కాదు, బిరుదు గూడ. టైబీరియస్ నాణెముమీదను 'ఆగస్టస్' అనియే యుండును. నేను ముత్యము దొరకినదని మురిసిపోయిన ఆ మాట ఇద్దరికిని ఉమ్మడిసొత్తు!

అప్పుడు నాకు మన భూమి రికార్డులు జ్ఞప్తికి వచ్చినవి. ఒకే గ్రామమున ఒకే యింటిపేరు, ఒకే పేరు గల పట్టాదారులు ఇద్దరు ముగ్గురుందురు. తాతపేరు మనుమలకు పెట్టు మన దేశమున ఇది నిత్యము జరుగునదే. వారిని విడదీయుటకే పేరు ప్రక్కన తండ్రిపేరు వ్రాయు గడి యున్నది. రోమకులును అట్లే చేసిరి. ఆగస్టస్ నాణెముమీద 'కైసర్ ఆగస్టస్ దివి ఎఫ్' అనియు, తరువాత 'జాతిపిత' అను బిరుదును ఉండును. 'దివి ఎఫ్' అనగా దైవత్వము పొందినవాని కుమారుడు. అతనిని దత్తు చేసికొనిన తండ్రి జూలియస్ సీజరు. రోమకులు సీజరును మరణానంతరము దేవునిగా ఎంచిరి. టైబీరియస్ నాణెముమీద 'టి కైసర్ దివి ఆగ్ ఎఫ్ ఆగస్టస్' అని యుండును. దైవత్వము పొందిన ఆగస్టస్ కుమారుడగు టైబీరియస్ సీజర్ ఆగస్టస్ అని దీని యర్థము. ఆగస్టస్ టైబీరియస్‌ను క్రీ.శ. 4లో దత్తు చేసికొనెను. 14లో ఆగస్టస్ మరణింపగా అతనిని దేవునిగా ప్రకటించిరి.

కావున ఇద్దరిని విడదీయునది ఒక్క చిన్న కుదింపు మాట: 'దివి', 'ఎఫ్' అను రెంటి నడుమ 'ఆగ్' కలదా, లేదా? కలదన్నచో అది ఆగస్టస్ కుమారుని నాణెము. తన నాణెముమీద తానే తనకు కుమారుడనని ఎవడును వ్రాసికొనడు.

ఊరికి తిరిగివచ్చి నేరుగా ఆ యింటికే పోయితిని. పెద్దమ్మగారు బిళ్ల తీసి యిచ్చినది. వీథి అరుగుమీద ఏటవాలు ఎండలో భూతద్దముతో చూచితిని. అతుకు క్రింద మొదటి అక్షరములు, అనగా 'టి కైసర్' ఉండవలసిన చోటు, మూసుకొనియే యున్నది. దాని తరువాత 'దివి'. దాని ప్రక్కన మురికి నిండియున్న మూడు అక్షరములు. ఆనాడు వాటిని అరుగుదల యనుకొని విడిచితిని. ఈసారి వేపపుల్లను నీటిలో నానవేసి దాని కొనతో మెల్లగా తుడువగా, 'ఆగ్' అను మూడక్షరములు వెలికి వచ్చినవి. ఆపైన 'ఎఫ్', ఆపైన 'ఆగస్టస్'. పదునైదేండ్లుగా మనము ఆగస్టస్‌దని చెప్పుకొనుచున్న నాణెము అతని కుమారుడు టైబీరియస్‌ది. ఇది నా మొదటి సవరణ.

ఇంతటితో పట్టిక పని ముగియదు. టైబీరియస్ వేయించిన ఈ తరగతి వెండి నాణెములను ఆ గ్రంథము 26, 28, 30 అను మూడు పద్దులుగా విభజించినది. కుర్చీకాళ్లు సాదావియా, నగిషీ గలవియా, కుర్చీ క్రింద గీతలెన్ని యను చిన్న భేదములే ఈ విభజనకు ఆధారము. మన నాణెమున కాళ్లు నగిషీ గలవి. క్రింద గీత యొక్కటియే. కావున 1984 కూర్పులో ఇది 30వ పద్దు. కోహెన్ పట్టికలో 16వ పద్దు. కూర్చున్న స్త్రీ టైబీరియస్ తల్లియు ఆగస్టస్ భార్యయునగు లివియా యనియు, ఆమెను శాంతిదేవత రూపమున చూపిరనియు పండితులనేకులు తలంతురు. నాణెముమీద మాత్రము ఆమె పేరు లేదు. కావున దానిని తలంపుగనే వ్రాయవలెను, పద్దుగా వ్రాయరాదు. క్రైస్తవ గ్రంథమున ఏసుక్రీస్తు పన్ను నాణెమును చూపించి, ఇది ఎవని రూపమని ప్రశ్నించిన కథ కలదు. ఆ నాణెము ఈ తరగతిదే యని చెప్పుట వాడుక. అందుచేత ఐరోపాలో దీనికి పన్నునాణెమను పేరు వచ్చినది.

ఇక రెండవ తప్పు మొదటిదానికంటె పెద్దది. నాణెము మన గ్రామపు దిబ్బలో దొరకినదని వ్రాసితినిగదా. ఆ మాట ఎవరు చెప్పిరి? ఎవరును చెప్పలేదు! దిబ్బలో పాతపెంకులు, పూసలు దొరకుట నేనెరుగుదును; నాణెము పాతది; రెండింటిని నేనే ముడివేసితిని. ఈసారి పెద్దమ్మగారిని కూర్చుండబెట్టి అడిగితిని. "దిబ్బలోది కాదు నాయనా, మా అత్తగారు కాపురానికి వచ్చినప్పుడు పుట్టింటినుంచి తెచ్చుకొన్నది. అప్పుడు నువ్వు అడగనేలేదుగదా" అని ఆమె నవ్వినది. ఆ అత్తగారి పుట్టిల్లు వేరొక ఊరు. వారికి అది ఎచ్చట లభించినదో చెప్పగలవారు నేడు లేరు. దొరకిన చోటు అను గడి ఖాళీ. ఖాళీ గడిని ఊహతో నింపుటకంటె ఖాళీగా విడుచుట మేలు. ఇది నా రెండవ సవరణ. రోమక వర్తకులు మన గ్రామమునకు వచ్చిరని ఈ నాణెమును బట్టి చెప్పుటకు వీలులేదు.

ఈ మాట వ్రాయుటకు నా చేయి కొంత వెనుకాడినది. పెద్దలలో ఒకరు, "ఊరికి వచ్చిన పేరును నీవే తీసివేయుదువా?" అని నన్ను మందలించిరి గూడ. వారికి నా విన్నపమిది. తెలుగుదేశమునకు రోముతోడి సంబంధము నిలుచుటకు మన తప్పుసాక్ష్యము అక్కరలేదు. నల్లగొండ జిల్లా అక్కనపల్లిలో 1531 రోమక వెండి నాణెముల రాశి దొరకినది. పరమేశ్వరీలాల్ గుప్తా అను పండితుడు ఆంధ్రప్రదేశమున లభించిన రోమక నాణెములపై 1965లో గ్రంథము వెలువరించెను. వినుకొండలో 1889లో టైబీరియస్ మొదలు కారకల్లా వరకు గల చక్రవర్తుల 15 బంగారు నాణెములు లభించినవి. నాగార్జునకొండ త్రవ్వకములలోను రోమక బంగారు నాణెములు బయల్పడినవి. అచ్చటి ఇక్ష్వాకుల కాలపు శాసనమొకటి 'దీనారీ మాషకము'ల దానమును పేర్కొనుచున్నది. రోమకుల 'డినారియస్' అను పేరే మన దీనారమైనది. శ్రీనాథ మహాకవి తనకు జరిగిన కనకాభిషేకమును చెప్పుకొన్న పద్యమునను దీనార శబ్దము కలదు. పెద్దమ్మగారి పెట్టెలోని బిళ్ల జాతి పేరు పదునైదవ శతాబ్దమువరకు తెలుగు కవి నోట నిలిచినదన్నమాట.

ఆ నాణెములు ఎందుకు వచ్చినవన్న, సరుకులకు వెలగా వచ్చినవి. ప్లినీ అను రోమక గ్రంథకర్త భారతదేశము ఏటేట తమ దేశమునుండి 5 కోట్ల సెస్టర్సులను లాగికొనుచున్నదని వాపోయెను. నాలుగు సెస్టర్సులు ఒక దీనారము గనుక, అది 1 కోటి 25 లక్షల దీనారములు. ఎర్రసముద్ర యాత్రను వర్ణించు గ్రీకు గ్రంథమొకటి మన తీరమగు మసాలియాలో నూలువస్త్రములు విస్తారముగా తయారగునని చెప్పుచున్నది. మిరియములు, ముత్యములు, సన్నని వస్త్రములు పోయెను. వెండి బంగారములు వచ్చెను. క్రీ.శ. 64లో నీరో చక్రవర్తి వెండి నాణెము బరువును తగ్గించి, అందు వెండిపాలును తగ్గించెను. మన దేశమున దొరకు రోమక వెండి నాణెములలో ఆగస్టస్, టైబీరియస్‌లవే అత్యధికము. మంచి వెండిని చెడ్డ వెండినుండి వేరుచేయుట మన వర్తకులకు బాగుగ తెలిసినదనుటకు ఇది సాక్ష్యము.

దొరకిన చోటు తెలియుట ఎంత విలువైనదో, అది నశించుట ఎంత సులభమో చూపు కథ యొకటి మన నెల్లూరుసీమలోనే కలదు. 1786 ప్రాంతమున నెల్లూరు సమీపమున ఒక రైతు కొండప్రక్కను దున్నుచుండగా నాగలికి ఇటుకకట్టడము తగిలినది. త్రవ్వగా చిన్న దేవాలయపు శిథిలములును, వాటి క్రింద ఒక చిన్న కుండయు కనబడినవి. కుండలో రోమక బంగారు నాణెములు! ఆ రైతు వాటిని పాతబంగారముగా అమ్మివేసెను. అనేకములు కరగిపోయి యుండును. ఆర్కాటు నవాబు కుమారుడు అమీర్ ఉల్ ఉమరా ముప్పదికి పైగా తిరిగి సంపాదింపగలిగెను. నాటి మదరాసు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్సన్ వాటిలో రెంటిని ఎన్నుకొని, ఈ వృత్తాంతమును వ్రాసియుంచెను. అది 'ఏషియాటిక్ రిసెర్చెస్' రెండవ సంపుటమున అచ్చుపడినది. వాటిలో కొన్ని టంకసాలనుండి అప్పుడే వచ్చినట్లు క్రొత్తగా నుండెననియు, కొన్నిటికి ఆభరణముగా ధరించుటకు రంధ్రములు వేయబడియుండెననియు ఆయన వ్రాసెను. ఆ ఉత్తరము లేకున్న ఆ కుండ సంగతి నేడు మనకు తెలియదు. కరగిపోయినవానిలో ఏ చక్రవర్తులవి ఎన్ని యుండెనో ఇక నెన్నటికిని తెలియదు. ఆ రైతును నిందింపరాదు; ఆయనకు చెప్పువారు లేకపోయిరి. మనకు మాత్రము గ్రంథాలయము కలదు.

కావున గ్రామస్థులకు నా మనవి. ఎవరికైనను పాత నాణెము కనబడినచో చింతపండుతోగాని, బూడిదతోగాని తోమవలదు. కంసాలి పులుసులో వేయింపవలదు. మెరుగు వచ్చునుగాని అక్షరములు పోవును. దొరకిన పొలము సర్వే నంబరు, లోతు, తేదీ, ప్రక్కన దొరకిన వస్తువులు, ఇవి నాణెముకంటె విలువైనవి. వెంటనే కాగితముమీద పెట్టుడు. భూమిలో దొరకిన నిధి విలువ పది రూపాయలు మించినచో కలెక్టరుగారికి తెలుపవలెనని 1878వ సంవత్సరపు నిధుల చట్టము చెప్పుచున్నది. తెలిపినవాడు దొంగ కాడు, తెలుపక దాచినవాడే నేరస్థుడు. ఇండ్లలోని పెట్టెలలో తరతరములుగా నున్న బిళ్లలను చూపించుటకు సంకోచింపవలదు. వాటిని ఎవరును తీసికొనరు. చూచి, కొలిచి, వ్రాసికొని మరల మీ చేతికే యిత్తుము. ఇందుకై కార్యదర్శిగారి యనుమతితో గ్రంథాలయమున ఒక రిజిస్టరు తెరచితిని. మొదటి పద్దు ఇట్లున్నది: వెండి దీనారము, టైబీరియస్ చక్రవర్తి, ఆగస్టస్ కుమారుడు, క్రీ.శ. 14-37; దొరకిన చోటు తెలియదు. క్రిందనే నా పాత వ్యాసపు పేరు వ్రాసి, ఎర్ర సిరాతో గీత గీచి, చేవ్రాలు చేసితిని.

రెండవ గడి ఖాళీగా నున్నది. అది నిజమైన పద్దుతో నిండుగాక యనియు, మన గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాటికి నాకంటె బాగుగ చదివినవారు ఈ రిజిస్టరును తిరుగవేసి, ఇందు నేనింకను చేసిన తప్పులుండినచో వారును ఎర్ర సిరాతో దిద్దుదురుగాక యనియు కోరుచు విరమించుచున్నాను.